నేను కత్తిరించిన వణుకు

మనిషి ఊపిరిని స్వరంగా మార్చిన దేవునికి ముందుగా స్తోత్రం. పాడే గొంతు ఆయనదే, వినే చెవి ఆయనదే. నా చేతిలో ఉన్న పనీ ఆయన ఇచ్చిందే. ఆ పనిలో చేసిన తప్పులు మాత్రం నావి.

1984లో నేను ఫుజైరాలో ఒక రేడియో, టేపురికార్డర్ల రిపేరు షాపులో పని చేసేవాణ్ణి. మాది కోనసీమ. దుబాయ్‌లో ఉన్న హడావుడి ఫుజైరాలో ఉండేది కాదు. ఒక పక్క కొండలు, ఒక పక్క సముద్రం, ఓడలకు నూనె నింపే పోర్టు. శుక్రవారం ఉదయం ఒక సహోదరుని గదిలో మా ప్రార్థన కూడిక జరిగేది. అక్కడ పాటలు నడిపించేది నేను. స్వరం తిన్నగా ఉండాలని, గొంతు తిప్పడం, వణికించడం సొంత గొప్ప చూపించుకోవడమేనని చిన్నప్పుడు సండే స్కూల్ మాస్టారు మాకు నేర్పారు. నేనూ అందరికీ అదే చెప్పేవాణ్ణి. గొంతు తిప్పినవాళ్లను పాట మధ్యలో ఆపిన రోజులు కూడా ఉన్నాయి.

మా షాపుకు తరచూ వచ్చేవాళ్లలో మల్లేశం ఒకడు. జగిత్యాల దగ్గరి పల్లె. పోర్టులో పంపులు బిగించడానికి వచ్చిన జపాన్ ఇంజనీరుకు డ్రైవరు. ఆ ఇంజనీరు పేరు మోరి. మనం గారు అన్నట్టు వాళ్లు పేరు చివర సాన్ అంటారు. మల్లేశం మాత్రం ఆయన్ని సాన్ సాబ్ అని పిలిచేవాడు.

"మా ఊర్ల మోరి అంటె మురికి కాల్వ గదన్నా. పొద్దుగాల లేచి అన్నం వెట్టేటాయినను ఆ పేరు వట్టి ఎట్ల పిలుస్తనే?" అన్నాడు ఒకసారి.

గారు దొరగారు అని పిలుస్తున్నట్టుందిరా అని నేను నవ్వితే, ఆయనే ఏమీ అనుకోవడం లేదు, నీకేం నొప్పి అన్నాడు.

ఒకరోజు వాళ్లిద్దరూ ఒక టేపురికార్డరు, దాని నోట్లో చిక్కుకుపోయిన క్యాసెట్ తెచ్చారు. టేపును లాగే రబ్బరు చక్రాన్ని పించ్ రోలర్ అంటాం. అది అరిగిపోతే టేపును చుట్టేసుకుని నమిలేస్తుంది. ఇక్కడా అదే జరిగింది. తన భార్య జపాన్ నుంచి వస్తోందని, ఆమె వచ్చేసరికి ఈ పాట వినపడాలని, తన దగ్గర ఇంకో కాపీ లేదని మోరి గారు వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పారు. పాడింది ఎవరో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

పాట దేని గురించని మల్లేశాన్ని అడిగాను. మంచు కురిసే ఓడరేవులో, సారా దుకాణంలో కూర్చుని, తిరిగిరాని ఓడ కోసం ఒకామె ఎదురుచూస్తుందట. వాళ్ల దేశంలో ఆ పాట తెలియనివాళ్లు లేరట. సారా అనగానే నా మనసు మూసుకుపోయింది. లోకపు పాట, మన పని మనం చేసి ఇచ్చేద్దాం అనుకున్నాను.

కొత్త రోలర్ వేశాను. నలిగిన టేపును సాపు చేసి, తెగిన చోట సన్నని అంటుకాగితంతో కలిపాను. దీన్ని స్ప్లైసింగ్ అంటారు. తర్వాత పరీక్షకు వేశాను. ఆడగొంతు, వెనుక గిటారు. పాట మధ్యలో కొన్ని చోట్ల పదం చివరికి వచ్చేసరికి గొంతు వణికి, ఒక మెలిక తిరిగి, కిందికి జారుతోంది. మా పనిలో అలాంటి వణుకును ఫ్లటర్ అంటారు. మెషిన్ వేగం కుదరకపోయినా, టేపు సాగిపోయినా అది వస్తుంది. అదే మెషిన్‌లో వేరే క్యాసెట్ వేస్తే నిలకడగా ఉంది. అంటే లోపం టేపుదే. సాగిన టేపును తిరిగి బిగించలేం. ఆ ముక్క కోసి రెండు కొసలూ కలపడమే దారి. వణుకు వచ్చిన ప్రతిచోటా వేలెడేసి ముక్క కోసి చెత్తబుట్టలో వేశాను. ఆ చెత్త ఆ సాయంత్రమే పోయింది. ఇప్పుడు స్వరం తిన్నగా నడుస్తోందని సంతోషించాను కూడా.

నా పనిలో ఇంతకన్నా సిగ్గుపడాల్సిన సంగతి ఇంకొకటి ఉంది. టేపు సాగితే గొంతు ఒక్కటే వణకదు, దాని వెనుక గిటారు కూడా వణుకుతుంది. రిపేరు నేర్చుకునేవాడికి మొదట చెప్పే మాట అది. ఆ గిటారు గీత గీసినట్టు తిన్నగానే ఉండి ఉంటుంది. నేను వినలేదు. ఆ పాట చెవిన పడకూడదని సౌండ్ తగ్గించి పని చేశాను.

భార్యను తీసుకుని మోరి గారు షాపుకే వచ్చారు, వెనకే మల్లేశం. మెడ చుట్టూ పట్టు స్కార్ఫు కట్టుకున్న పెద్దావిడ. నమస్కారానికి తల వంచిందేగాని ఒక్క మాటా మాట్లాడలేదు. క్యాసెట్ వేశాను. మొదటి కోత దగ్గర పాట గతుక్కుమంది. మోరి గారు నా వైపు చూశారు. రెండోసారి గతుక్కుమన్నప్పుడు ఆవిడ కౌంటరు అంచు పట్టుకుంది.

టేపు సాగిపోయిందని, పాడైన ముక్కలు తీసేశానని ధీమాగా చెప్పాను.

మోరి గారు కుడిచెయ్యి పైకెత్తి పిడికిలి బిగించారు. కొడతారేమోనని నేను ఒక అడుగు వెనక్కి వేశాను.

"నో బ్రోకెన్," అన్నారాయన పిడికిలిని అలాగే పట్టుకుని. "సింగింగ్. కోబుషి."

మల్లేశం మధ్యలోకి వచ్చి, ఆయనతో హిందీ, ఇంగ్లీషు కలిపి కాసేపు మాట్లాడాడు. తర్వాత నా వైపు తిరిగాడు. వాడి ముఖంలో నవ్వు లేదు.

"కొడ్తలేడన్నా. ఆల్ల బాసల పిడికిలిని గట్లనే అంటరంట. పాటల గొంతు తిప్పుడును గూడ గదే మాట అంటరంట. అది కరాబు గాదు, పాడుడే అట్ల." ఆవిడ వైపు కళ్లతో చూపించి, "పాడింది ఈమెనే అన్నా," అన్నాడు.

మిగతాది మోరి గారు మెల్లగా చెప్పారు. రికార్డు మీద ఆ పాట వాళ్ల దేశంలో ఏ కొట్టులోనైనా దొరుకుతుంది. అది వయసులో పాడింది. ఈ క్యాసెట్ మాత్రం గొంతులో పుండుకు ఆపరేషన్ చేయించుకోబోయే ముందు ఆమె చివరిసారి పాడినప్పుడు, ఆయన జనంలో కూర్చుని రికార్డు చేసుకున్నది. ఆపరేషన్‌లో స్వరం పోయింది. అప్పటి నుంచి ఆమె తన పాట వినలేదు. ఇక్కడికి వచ్చాక వింటానని ఆమే అడిగిందట.

ఆవిడ మళ్లీ వేయమని సైగ చేసింది. వేశాను. పాటతోపాటు ఆమె పెదవులు కదిలాయి. కోసిన చోటు వచ్చినప్పుడు ఆమె చెయ్యి గాలిలో లేచి, వణికి, మెలిక తిరిగి, కిందికి జారింది. స్కార్ఫు కింద మెడ నరాలు బిగిశాయి. శబ్దం లేదు. బైబిలులో, మందిరంలో బిడ్డ కోసం ప్రార్థిస్తూ పెదవులు మాత్రమే కదిపిన స్త్రీని చూసి తాగి వచ్చిందనుకున్న యాజకుని సంగతి నేను ఎన్నో కూడికల్లో వివరించి చెప్పినవాణ్ణి. ఆ యాజకుడు ఒక్క మాటే అన్నాడు. నేను కత్తెర కూడా పెట్టాను.

క్షమించమని అడగడానికి నాకు ఏ భాషా రాలేదు. ఈలోగా మోరి గారే నడుం వంచి నాకు నమస్కరించారు. ముందే చెప్పకపోవడం తన తప్పేనన్నారు. ఆవిడ వంగలేదు. క్యాసెట్‌ను స్వయంగా మెషిన్‌లోంచి తీసి, స్కార్ఫు కొసతో తుడిచి, సంచిలో పెట్టుకుని బయటికి నడిచింది. ఆమె అలా వెళ్లడమే న్యాయమని ఈరోజుకీ అనుకుంటాను.

కారు తాళాలు తీసుకుంటూ మల్లేశం, "గంత పెద్దాయిన నీకు వంగి దండం వెట్టిండు. నువ్వేమొ కట్టె లెక్క నిలవడ్డవ్," అని వెళ్లిపోయాడు. వాడు మళ్లీ షాపుకు వచ్చి మాట కలపడానికి చాలా కాలం పట్టింది.

ఆ తర్వాత ఏ టేపు చేతికొచ్చినా, అది ఏ పాటైనా సరే, మొదట సౌండ్ పెంచి గొంతు వెనుక ఏముందో వింటాను. కూడికలో మళ్లీ ఎవరి గొంతునూ పాట మధ్యలో ఆపలేదు. నచ్చని దాన్ని సరిగ్గా వినలేమని, విననిదాన్ని బాగుచేయలేమని నేను నేర్చుకున్నాను. నేను నేర్చుకున్నదానికి ఖరీదు చెల్లించింది మాత్రం ఆమె.

చదువుతున్న మీరు ఒక్క నిమిషం నాతోపాటు తల వంచండి. ప్రభువా, ఆమె ఎక్కడున్నా, ఏ దేవుని పేరు ఎరిగినదైనా, ఆమెను కనికరించు. ఆ చివరి రోజు ఆమె పాడినప్పుడు నీవు ఆ జనంలో ఉన్నావు. నీవు విన్నదాంట్లో ఏ కోతా లేదు. నాకు వినడం నేర్పు. ఆమేన్.