యజమానురాలి మీద సమ్మె

ఆ రోజుల్లో మా తాడేపల్లిగూడెంలో మీసం మొలిచిన ప్రతివాడికీ ఏదో ఒక సంఘం ఉండేది. నాకు మీసమైతే వచ్చింది గాని సంఘం రాలేదు. ఆ బెంగతో అన్నం సయించేది కాదు (మా అమ్మ మాత్రం ఈ మాట ఒప్పుకునేది కాదు). స్టేషను రోడ్డులో మాకో సోడా కొట్టు ఉండేది. నాన్న పోయాక అమ్మ సీసాలు కడిగేది, నేను మిషను తిప్పేవాణ్ణి. ఇంతకీ మేము షావుకార్లమా, కూలివాళ్లమా అన్నది తేల్చుకునే దాకా నిద్రపోకూడదని పట్టుబట్టాను. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని ముందుగా వర్తక సంఘం మీటింగుకు వెళ్లాను. అక్కడి పెద్దాయన నన్ను చూసి ఎంతో ఆప్యాయంగా, "వచ్చావా అబ్బాయ్, సోడాలు ఆ మూల పెట్టి వెళ్లు" అన్నారు.

ఇక మిగిలింది కూలీల సంఘం. బియ్యం మిల్లు కూలీల చేత సమ్మె చేయించడానికి ఏలూరు నుంచి ఒక కుర్ర నాయకుడు వచ్చి ఉన్నారు. ఆయన్ని అందరం కళ్లజోడుగారు అనేవాళ్లం. ఆయన నా సోడా తాగుతూనే, "మీకు మిషనుంది కదండీ. అంచేత మీరు పెట్టుబడిదారులండీ" అన్నారు. నన్నెవరూ అంత మాట అని ఎరగరు. ఒక్క క్షణం ఛాతీ పొంగింది గాని, వెంటనే తమాయించుకుని, "మిషను మా అమ్మదండీ. నేను తిప్పుతానంతే" అన్నాను. ఆయన ఆలోచించి, "అయితే మీరు కార్మికులే. మీ యజమానురాలికి కోరికలు చెప్పండి. ఒప్పుకోకపోతే రేపు మిల్లువాళ్లతోపాటు సమ్మెలోకి దిగండి. సంఘంలో చేర్చుకుంటాం" అన్నారు.

ఆ సాయంత్రం వంటింటి గుమ్మంలో నిలబడి కోరికలు వినిపించాను. వారానికో పూట సెలవు ఇవ్వాలి. బేరాలు వచ్చినప్పుడు నన్ను గాడిదా అనకూడదు.

"మొదటిది కుదరదు. రెండోది నీ చేతిలోనే ఉందిరా" అంది అమ్మ.

"అయితే రేపు సమ్మె."

"అలాగే చేద్దూగాని. పులుసు చల్లారిపోతంది, ముందు తిను."

మర్నాడు కర్రకు ఎర్రగుడ్డ కట్టుకుని కొట్టు మెట్టు మీద కూర్చున్నాను. అమ్మ కొంగు బిగించి మిషను తానే తిప్పడం మొదలుపెట్టింది. కొల్లేటి లంకలో పుట్టి దోనె నడిపిన చేతులు ఆమెవి. కాకపోతే మిషను తిప్పేటప్పుడు సీసా పేలుతుందేమోనని పైన గోనెపట్టా కప్పడం మా అలవాటు. ఆ సంగతి ఆమెకు గుర్తు లేదు. చెబితే సమ్మె చెడిపోతుందని నేను పళ్లు బిగపట్టి కూర్చున్నాను. అంతలో ఢామ్మని పేలింది. అమ్మ మణికట్టు నుంచి రక్తం కారడం చూసి ఒక్క ఉరుకున వెళ్లాను. కట్టు కట్టడానికి చేతికి దొరికింది ఆ జెండా గుడ్డే. సరిగ్గా అప్పుడే మిల్లు కూలీల ఊరేగింపు మా కొట్టు ముందుకొచ్చింది.

"సమ్మె విరమించారాండీ?" అని కళ్లజోడుగారు దిగులుగా అడిగారు. నేను నోరు తెరవకముందే అమ్మ అందుకుంది.

"బాబుగారూ, మా అయ్యకి సొంత దోనె ఉండేదండి, సొంత వల ఉండేదండి. చేప పడని రోజున ఇంటిల్లిపాదీ పస్తే. ఆయన్ని యజమాని అనాలని ఎవరూ చెప్పలేదండి. ఈ కొట్లో పనోడు తిన్నాక మిగిల్తే యజమాని తింటాదండి. ఇలాంటోళ్లని మీలో ఏమంటారండి?"

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, "ఏలూరు వెళ్లి కనుక్కుని చెబుతానమ్మా" అన్నారు. మళ్లీ వచ్చి చెప్పింది లేదు. అమ్మ మిగిలినది తింటుందని నాకు ఆ రోజు దాకా తెలియదు. సాయంత్రం మిషను దగ్గరికి వెళ్లి గోనెపట్టా కప్పి తిప్పాను. ఆ పైవారం ఒక మధ్యాహ్నం అమ్మే నన్ను కొట్లోంచి బయటికి తోసి, "పో, తిరిగిరా" అంది.

తర్వాత నా కొట్లోనూ పనివాళ్లు చేరారు, నాకూ కోరికలు చెప్పారు. నేను షావుకారునో కూలివాణ్ణో మాత్రం ఈ వయసుకీ తేలలేదు. అయినా పట్టుదల గలవాణ్ణి కదా, ఆ సమ్మె విరమించినట్టు ఇప్పటిదాకా నా నోటితో చెప్పలేదు. ఇప్పుడు చెబుదామంటే యజమానురాలు లేదు.