ఆలివ్ హాబ్‌గుడ్ కుడివైపు సీటు

కౌలీ కార్ల ఫ్యాక్టరీలో సీట్లు కుట్టే షెడ్డులో ఆలివ్ హాబ్‌గుడ్ మిషనూ నా మిషనూ పక్కపక్కనే ఉండేవి. మారిస్ మైనర్ అనే ఆ గుండ్రటి చిన్న కారు పుట్టిన ఏడు నుంచీ దానికి సీట్లు కుడుతూ వచ్చింది ఆలివ్. మొదట తోలు, తర్వాత్తర్వాత రెక్సిన్. దేశంలో ఏ పంతులమ్మ, ఏ మంత్రసాని, ఏ పాదిరీగారు ఆ కారెక్కినా నువ్వు కుట్టిన కుట్ల మీదే కూర్చుంటున్నారే అని నేనంటే, "వాళ్ల పేర్లు నాకెందుకే, బరువు చెప్పు చాలు" అనేది.

ఆ కారంటే తనకు కుట్టుపనిదానికి ఉండే ప్రేమ. దానికో కథ ఉంది. మొదట గీసిన బండి మరీ సన్నగా ఉందనిపించి, దాన్ని గీసినాయన నమూనా బండిని నిలువునా రెండు చెక్కలుగా కోయించి, దూరం జరిపించి, నాలుగు అంగుళాలు వెడల్పు చేశాడట. అప్పటికే బంపర్లు తయారై కూర్చున్నాయి. పారేయడానికి మనసొప్పక వాటినీ మధ్యకు కోసి, నడుమ ముక్క అతికారు. తొలి బండ్ల మొహం మీద ఆ అతుకు కనబడుతూనే ఉండేది. షెడ్డంతా నవ్వింది కానీ ఆలివ్ నవ్వలేదు.

"జాకెట్టు బిగుతైతే మనమేం చేస్తాం? పక్కన పట్టీ వెయ్యమూ? ఇది మన జాతి బండేనే" అంది.

పదిలక్షో మైనర్ తయారైనప్పుడు దానికి లేత ఊదారంగు వేసి, లోపల తెల్లటి సీట్లు పెట్టారు. ఆ సీట్లు మాపకూడదని మాచేత మాటిమాటికీ చేతులు కడిగించారు. ఆలివ్ ఆ రంగును ఎగాదిగా చూసి, "పెళ్లికి మేనత్త వేసుకొచ్చిన గౌనులా ఉంది" అని తేల్చేసింది.

ఇన్ని సీట్లు కుట్టిన మనిషి ఏనాడూ స్టీరింగు పట్టుకోలేదు. ఇంట్లో బండి లేక కాదు. ముందద్దం రెండు పలకలుగా ఉండే బూడిదరంగు మైనర్ వాళ్లకు ఉండేది. దాన్ని నడిపేది మొగుడు సిరిల్. వాళ్లిల్లు గార్సింగ్టన్ గుట్ట మీద. పొద్దున్నే ఇద్దరూ కలిసి దిగేవాళ్లు. ఆయన రంగులు వేసే షెడ్డుకు, తను మా షెడ్డుకు.

అయితే ఆ బండిలో ఆలివ్‌కూ ఒక ఉద్యోగం ఉండేది. పాత మైనర్లకు మలుపు దగ్గర మినుకుమినుకుమనే దీపాలు లేవు. తలుపు వెనకున్న నిలువు కమ్మీలోంచి, దీపం వెలిగే చిన్న రేకు చెయ్యి ఒకటి బయటికి లేచేది. కుడికి తిరిగితే కుడిపక్కది, ఎడమకు తిరిగితే ఎడమపక్కది. బండికి వయసు మీరాక ఆ చెయ్యి ఇరుక్కుపోయేది. అప్పుడు లోపల్నుంచి కమ్మీ మీద పిడికిలితో ఒక్కటి గుద్దాలి. కుడివైపుది సిరిల్ గుద్దుకునేవాడు, ఎడమవైపుది ఆలివ్ వంతు. ఆయన అడక్కముందే గుద్దేది. బాగు చేయించకూడదుటే అంటే, "నేనున్నాగా" అనేది. వాళ్ల కాపురం అంత బాగుండేది, నాకు కాస్త కుళ్లుగా కూడా ఉండేది.

పంతొమ్మిదివందల అరవై ఏడు వసంతంలో సిరిల్ గుండె ఆగి చనిపోయాడు. ఆలివ్ మిషను ముందు కూర్చుని, సూది కిందికి రెక్సిన్ పెట్టి, తొక్కడం మర్చిపోయేది.

సిరిల్ తమ్ముడు రెజ్ ఆబింగ్డన్‌లో ఉండేవాడు. బండి కొన్నప్పుడు అన్నదమ్ములిద్దరూ చెరిసగం వేసుకున్నారు. ఆ హక్కు కొద్దీ, సమాధి దగ్గర్నుంచి వచ్చి హామ్ శాండ్‌విచ్ తింటూనే మొదలుపెట్టాడు.

"వదినా, బండి షెడ్లో తుప్పు పట్టడం దేనికి? నేను తీసుకెళ్తా. నీకు కౌలీలో ఓ గది చూసిపెడతాలే, పనికి నడిచే వెళ్లచ్చు."

"నేనే నడుపుకుంటా."

"నువ్వా? ఇప్పుడు నేర్చుకుంటావా? వయసెంతనుకున్నావ్?"

"యాభై రెండు. నీ నడుం కొలత కంటే కాస్త ఎక్కువ, అంతే."

చివరికి ఒప్పందానికొచ్చారు. సెప్టెంబరు ఆఖరి శనివారం లోపల లైసెన్సు వస్తే బండి ఆలివ్‌ది, రాకపోతే రెజ్‌ది. అక్టోబరు నుంచి గుట్ట మీదికి పొద్దుటి బస్సు ఆపేస్తున్నారు. బండి పోతే ఇల్లయినా వదులుకోవాలి, పనయినా వదులుకోవాలి. ఇంటి వెనక సిరిల్ వేసిన చిక్కుడు పాదులు అప్పుడే కర్రలు పట్టి పాకుతున్నాయి.

నేర్పింది నేను. యుద్ధం రోజుల్లో పరీక్షలు ఎత్తేశారు కాబట్టి నాకు పరీక్ష లేకుండానే లైసెన్సు వచ్చింది. పరీక్ష రాయనివాళ్లకు ఉండే ధీమా ఇంకెవరికీ ఉండదు. నేర్చుకునేవాళ్ల బండికి కట్టే ఎర్ర అక్షరం బిళ్లలు ముందూ వెనకా కట్టుకుని, సాయంత్రాలు సందులన్నీ తిరిగాం.

"క్లచ్ మెల్లిగా వదలవే! పిల్లి తోక తొక్కినట్టు ఆ ఉలికిపాటేంటి?"

"నువ్వరిస్తే గేరు పడుతుందా? నోరు మూసుకుని కూర్చో."

నేను ఎడమవైపు కూర్చుని, ఎడమ మలుపు వచ్చినప్పుడల్లా కమ్మీ గుద్దేదాన్ని. ఆగస్టుకల్లా బానే నడిపింది. పొగిడితే చెడిపోతుందని ఆ మాట నేను చెప్పలేదు.

పరీక్ష పెట్టే ఆయన పేరు టక్‌వెల్. టోపీ పెట్టుకుని నిటారుగా ఎడమ సీట్లో కూర్చున్నాడు. నేను ఫుట్‌పాత్ మీద నిలబడి పిప్పరమెంట్లు చప్పరిస్తున్నాను. కాసేపటికి బండి తిరిగొచ్చింది. టోపీ సొట్టపోయి ఉంది. ఆయన నావైపు కూడా చూడకుండా వెళ్లిపోయాడు.

"ఏమయిందే?"

"మార్కెట్టు దగ్గర ఎడమకు తిప్పమన్నాడు. మీట తిప్పితే చెయ్యి లేవలేదు. అలవాటుగా నీ పేరు పెట్టే 'గుద్దు మేవిస్' అన్నా."

"ఆయన్నా?"

"ఏమన్నారూ అన్నాడు. 'మీ చెవి వెనక కమ్మీ సార్, గుద్దండి, గుద్దండి' అన్నా. గుద్దడే! ఇంక ఆగలేక నేనే వంగి గుద్దా. టోపీ కళ్ల మీదికి దిగింది. చక్రం ఫుట్‌పాత్ ఎక్కింది."

ఇన్ని నెలల్లో మా ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు, పరీక్షనాడు ఆ సీట్లో నేనుండనని. రెండు బుర్రలు కలిపినా ఒక్క ఆలోచన రాలేదు. నాకు నవ్వాగలేదు. కానీ ఆలివ్ స్టీరింగు మీద తల ఆనించి ఏడుస్తోంది.

"ఇది పక్కన ఇంకోళ్లుండాల్సిన బండే మేవిస్. నా ఒక్కదానిదీ కాదు."

ఫ్యాక్టరీలో ఎవరినైనా పట్టుకుని ఆ చెయ్యి బాగు చేయిద్దామన్నాను. తల ఊపింది గానీ వినలేదు. మర్నాడు టీ వేళకు మిషను దగ్గర, రోడ్డు నియమాల పుస్తకం మోకాళ్ల మీద పెట్టుకుని, ఉన్నట్టుండి కుడిచెయ్యి చాచి గాల్లో గుండ్రంగా తిప్పడం మొదలుపెట్టింది. దయ్యం పట్టిందనుకున్నా.

"ఎడమకు తిరగాలన్నా కుడిచెయ్యే కిటికీలోంచి బయటపెట్టి ఇలా తిప్పితే చాలట. పుస్తకంలో ఉంది. ఇది లేవకపోతే ఏం, నాకు చెయ్యి లేదా?"

ఆ నియమం అందరూ చదివిందే. ఎవరైనా అడిగితే తప్ప చేసేవాళ్లు కాదు. ఆ పైన ఆలివ్ మీట జోలికే పోలేదు. ప్రతి మలుపుకీ అద్దం దించి, మోచెయ్యి దాటి బయటపెట్టి, కుడికైతే చాచేది, ఎడమకైతే పిండి రుబ్బినట్టు తిప్పేది. వెనకొచ్చే లారీవాళ్లు కూడా మర్యాదగా ఆగేవాళ్లు. నా పిడికిలికి మాత్రం పని లేక దురద పెట్టేది.

రెండో పరీక్షకు తారీఖు దొరకలేదు. ఎవరో మానుకుంటే, సరిగ్గా గడువుకు ముందు శుక్రవారం పిలిచారు. మళ్లీ టక్‌వెల్లే. ఈసారి టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. జోరున వాన. కిటికీ దించి బయల్దేరింది. నేను చర్చి అరుగు మీద నిలబడి, నాకు నమ్మకం లేని ప్రార్థనలు కూడా చేశాను. తిరిగొచ్చేసరికి ఆలివ్ కుడి చొక్కాచెయ్యి భుజం దాకా తడిసి కారుతోంది.

"పాసయ్యారు మిసెస్ హాబ్‌గుడ్" అన్నాడాయన. "ఇక దయచేసి ఆ కిటికీ మూయండి."

మర్నాడు రెజ్ బస్సులో వచ్చాడు. వెళ్లేటప్పుడు బండి నడుపుకుంటూ పోదామని తోలు గ్లవ్స్ కూడా తెచ్చుకున్నాడు. ఆలివ్ పాసైన కాగితం చూపించింది. అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మరి నేనెలా పోను? బస్సు సాయంత్రం గానీ లేదు."

"పద, నేను దింపుతా."

రెజ్ అలవాటు కొద్దీ కుడివైపు తలుపు తెరిచాడు. ఆలివ్ తాళం చేత పట్టుకుని అతని పక్కనే నిలబడింది. అతను గ్లవ్స్ జేబులో దోపుకుని, బండి చుట్టూ తిరిగి అవతలి తలుపు దగ్గరికి వెళ్లాడు.

నేర్చుకునేవాళ్లు ఒంటరిగా నడపకూడదు. కనుక ఆబింగ్డన్ నుంచి తిరుగు దారిలో, ఆలివ్ తన జన్మలో మొదటిసారి ఆ బండిలో ఒక్కతే ఉంది. నేరుగా మా ఇంటిముందు ఆపింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"రెజ్ ఏమన్నా అన్నాడా?"

"సగం దారి కూడా రాకముందే నిద్రపోయాడే. గురక కూడా పెట్టాడు."

"నిద్రా! నా పక్కన ఒక్కడైనా నిద్రపోయాడా ఎప్పుడైనా!" అన్నాను. అంతకంటే పెద్ద సర్టిఫికెట్టు ఎవరిస్తారు?

"వచ్చేటప్పుడు మరి?" అని అడిగాను.

"ఊరు దాటేదాకా పక్క సీటు చూసుకుని ఏడ్చా. తర్వాత ట్రాక్టరొకటి ఎదురొచ్చింది, దాన్ని తప్పించేసరికి గొర్రెలొచ్చాయి. ఏడవడానికి తీరిక లేకపోయింది." ఇంట్లోకొచ్చి కుర్చీలో కూలబడింది. "ఆకలి దంచేస్తోందే, ఏమన్నా ఉందా?"

రెండు గుడ్లు వేయించి, రొట్టె కాల్చి పెట్టాను. అన్నీ తినేసి, పళ్లెం రొట్టెముక్కతో తుడిచి, "రేపు ఆదివారం కదా. ఇక్కణ్ణుంచి సముద్రానికి ఏ దారే?" అంది.

దారి చెప్పాను. ఎందుకైనా మంచిదని నా కోటు కూడా దులిపి తలుపు దగ్గర తగిలించాను.