వీల్‌బారో మీద ఎదుర్కోళ్లు

ముందు మా రేడియో గురించి చెప్పాలి. రేడియో, టేపురికార్డరు కలిసిన టూ-ఇన్-వన్ అది. సైజు మాత్రం చిన్న ఫ్రిజ్జంత. దాన్ని బల్ల మీదికి ఎత్తడానికి ఇద్దరు కావాలి, ఎత్తినవాళ్ల నడుములు సరిచేయడానికి మూడోవాడు కావాలి. ఏరియల్ పూర్తిగా లాగితే సముద్రానికి అవతల ఇరాన్‌లో ఎవరి కంట్లోనో గుచ్చుకుంటుందని సగమే లాగేవాళ్లం.

ఒమన్‌లో సహం ఊరి బయట, ఒక నిమ్మతోటను ఆనుకుని మా కంపెనీ క్యాంపు ఉండేది. నేను అక్కడ స్టోర్‌కీపర్ని. కోస్తా నుంచి వచ్చినవాణ్ని నేనొక్కణ్ణే. మిగతావాళ్లంతా కరీంనగర్, నిజామాబాద్ వైపు మేస్త్రీలు, కూలీలు. నాకు ఇంగ్లీషు వచ్చని వాళ్ల నమ్మకం. ఆ రేడియో వచ్చేదాకా నాకూ ఆ నమ్మకం ఉండేది.

కువైట్ యుద్ధం జరుగుతున్న రోజులవి. బాంబులు మాకు చాలా దూరంలో పడుతున్నా, వాటి దెబ్బ మాత్రం నేరుగా మా మీదే పడింది. సిమెంటు రాలేదు, సైటు ఆగింది. విమానాలు తగ్గాయి, కంపెనీ సెలవులన్నీ రద్దు చేసింది. పని లేని మనుషులు రేడియో చుట్టూ చేరి రోజంతా వార్తలు వినడం, నేను అనువాదం చేయడం. ఒక్కో బులెటిన్‌కి గిన్నెలో పప్పు సగం చల్లారేది, మా ప్రాణాలు పూర్తిగా చల్లారేవి.

"ఏమంటుండు సారూ?" అని వంటాయన అడిగేవాడు. క్యాంపులో అందరికీ వండిపెట్టే నిజామాబాద్ మనిషి.

"బాంబులు పడ్డాయంటున్నాడు."

"మన దిక్కా?"

"కాదు."

"మరి గంత గట్టిగ ఎందుకు సదువుతుండు? మెల్లగ సదవమను."

అందరిలోకీ ఎక్కువ కుంగిపోయినవాడు బ్యాండు మామ. సైటులో ఇనుప చువ్వలు వంచడం ఆయన పని. ఊళ్లో మాత్రం పెళ్లి బ్యాండులో క్లారినెట్టు వాయించేవాడు. ఆయన బుగ్గలు పూరిస్తే ఒక్కో బుగ్గలో ఒక్కో కొబ్బరిబొండం దాచొచ్చు. మీసాల కొసలు ఒకటి మస్కట్ వైపు, ఒకటి దుబాయ్ వైపు చూసేవి. అంతటి మీసాలూ ఆ రోజుల్లో కిందికి వాలిపోయాయి, ఎందుకంటే ఆయన కూతురి పెళ్లి దగ్గరికొచ్చింది. సెలవు లేదు, టికెట్టు లేదు.

"లగ్గం ఆగదు, నేను పోను. అండ్ల ఏడ్సుడేం లేదు," అనేవాడు. "గని ఎదుర్కోళ్లకు నేనే క్లార్నెటు ఊదుత అని బిడ్డకు మాటిచ్చిన. మండలంల అందరి బిడ్డలకు ఊదిన. నా బిడ్డకు ఊదకపోతె గీ నోరు ఎందుకు నాకు, బువ్వ తినెటందుకా?"

ఎదుర్కోళ్లంటే మా వైపు ఎదురుసన్నాహం. మగపెళ్లివారు ఊరి పొలిమేరకు రాగానే ఆడపెళ్లివారు బ్యాండుతో ఎదురెళ్లి, అత్తరు, గులాలు చల్లి, షర్బతు ఇచ్చి, వియ్యంకులు కౌగిలించుకుని వెంట తీసుకురావడం.

ఒకరోజు ఉదయం వార్తల కోసం మీట తిప్పుతుంటే ఒక ఇంగ్లీషు స్టేషన్ తగిలింది. గల్ఫ్‌లో దిగిన విదేశీ సైనికులను ఉత్సాహపరచడానికో ఏమో, పాతకాలపు బిగ్ బ్యాండ్ స్వింగ్ వేస్తున్నారు. లెక్కలేనన్ని బాకాలు ఒక్కసారిగా లేచి, మా రూము రేకుల కప్పును జానెడు పైకెత్తి మళ్లీ దించాయి.

మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్న మామ దిగ్గున లేచాడు. "ఆగు! మీట ముట్టినోని ఏలు ఇరగ్గొడ్త! లగ్గం బ్యాండు అది!"

"అది అమెరికా సంగీతం మామా. స్వింగ్ అంటారు," అన్నాను.

"అమెరికల లగ్గాలు గావా సారూ? క్లార్నెటోడు సూడు, ఎట్ల గుంజుతుండో! పిల్లగాడు గుర్రం దిగనంటుండు గావచ్చు, బతిలాడుతుండు."

పాట అయ్యాక చప్పట్లు వినిపించాయి. ఆ తరువాత అనౌన్సరు వాయించినవాళ్ల పేర్లు గడగడా చదివాడు. నేను నోరు తెరిచేలోపే వంటాయన తేల్చేశాడు. "సదివింపులు సదువుతుండు! ఎవ్వరెవ్వరు ఏం పెట్టిన్రో మైకుల చెప్తుండు."

"కాదయ్యా, అవి వాయించినవాళ్ల పేర్లు."

"వాయించినోని పేరు ఎవడు సదువుతడు సారూ?" అన్నాడు మామ నా మీద జాలిపడుతూ. "ఇర్వై ఏండ్లు ఊదిన, నా పేరు ఒక్కడన్న సదివిండా?"

ఆరోజు నుంచి మా క్యాంపులో ప్రతి ఉదయం అమెరికాలో ఎవరిదో ఒకరి పెళ్లి జరిగేది. వార్తలు వెనకబడ్డాయి. మనుషులు స్నానాలు చేసి, తల దువ్వుకుని మరీ వినడానికి వచ్చేవారు. పప్పు వేడిగా ఉండగానే అయిపోయేది.

అసలు ఆలోచన వంటాయనది. "మామా, నువ్వు లగ్గానికి పోలేవు. లగ్గాన్నే ఈడికి తెద్దాం. ఆడ ఎదుర్కోళ్లయ్యే టైముకే ఈడ బ్యాండు అస్తది. నువ్వు దాంతోని కలిసి ఊదు. టేపుల ఎక్కిచ్చి బిడ్డకు పంపుదాం."

మామ మీసాల కొసలు అప్పుడే కొద్దిగా లేచాయి.

ఊదడానికి క్లారినెట్టు లేదు. స్టోర్‌లోంచి కరెంటు తీగలు దూర్చే ప్లాస్టిక్ పైపు ముక్క ఒకటి ఇచ్చాను. ప్లంబరు కాల్చిన మేకుతో దానికి చిల్లులు పొడిచాడు. మామ ఏదో డబ్బా మూత చెక్కి, పీకలా పైపు కొసకు బిగించుకున్నాడు. మొదటిసారి ఊదగానే పక్క తోటలోని మేకలన్నీ లేచి, జాతీయగీతం వినిపించినట్టు మా వైపు తిరిగి నిలబడ్డాయి.

పెళ్లిరోజు వచ్చింది. వీల్‌బారోకు అంటిన సిమెంటు కడిగి, దుప్పటి పరిచి, రేడియోను పల్లకీలో దేవుడిలా కూర్చోబెట్టాం. క్యాంపులోని టార్చిలైట్లన్నిటి బ్యాటరీలూ దాని పొట్టలోకి పోయాయి. బకెట్టు నిండా షర్బతు కలిపాం. గులాలు దొరక్క, గచ్చు మీద వేసే ఎర్ర రంగుపొడి నేనే స్టోర్‌లోంచి తెచ్చాను. ఒక్కటే లోటు. మగపెళ్లివారుగా ఉండడానికి ఒక్కడూ ఒప్పుకోలేదు. "మేమందరం పిల్ల తరుపు," అని మొండికేశారు. సరే, ఎవరూ లేని గేటుకే ఎదురెళ్దామనుకున్నాం.

పాట మొదలైంది. రేడియో పాటతో పాటు బయటి మోత కూడా ఎక్కే రికార్డు మీట నొక్కాను. వీల్‌బారో కదిలింది. మామ పైపు ఎత్తి అమెరికా బాకాల మధ్యలోకి దూరిపోయాడు. వెనక తట్టలు, బకెట్లు, పారలు దరువేస్తున్నాయి. సహం పుట్టిన దగ్గర్నుంచి అంత ఊరేగింపు చూసి ఉండదు. గేటు ఇంకా నాలుగడుగులు ఉందనగా బ్యాండు టక్కున ఆగిపోయింది. గొంతు సవరించుకుని ఒక దొర వార్త చదవడం మొదలుపెట్టాడు.

"నీ నోట్ల మన్నువడ!" వంటాయన రేడియో మీద విరుచుకుపడ్డాడు. "గిప్పుడే దొరికిందార నీకు?"

నాకు నాలుగు మాటలు అర్థమయ్యాయి. "ఆగండర్రా! యుద్ధం..." అన్నాను.

"యుద్ధం లేదు, గాడిదగుడ్డు లేదు, ఊకోండ్రి సారూ!" అని నన్నూ కసిరాడు.

దరువు ఆగింది. అందరూ మామ వైపు చూశారు. ఆయన కళ్లు మూసుకునే ఉన్నాడు. పైపు నోట్లోంచి తీయలేదు. బాకాలు ఎక్కడ వదిలేశాయో అక్కడే అందుకుని, దొర చదువుతుండగానే, ఒక్కడే ఊదుతూ గేటు వైపు నడిచాడు. ఆ పైపులోంచి గేదె అరుపు కాకుండా పాట రావడం నేను వినడం అదే మొదటిసారి.

అప్పుడే గేటు బయట పీం, పీం, పీం అని హారను. నిమ్మతోట యజమాని, ఒమనీ ముసలాయన, పికప్ వేసుకుని దుమ్ము రేపుకుంటూ వస్తున్నాడు. కిటికీలోంచి చెయ్యి ఊపుతున్నాడు. వెనక రెండు మేకలు నిలబడి ఉన్నాయి.

"పిల్లగానోళ్లు అచ్చిన్రు!" అని అరిచాడు వంటాయన.

ఇక ఆపేవాడెవడు? ముసలాయన పికప్ దిగేలోపే అత్తరు పడింది, షర్బతు గ్లాసు చేతిలోకి వచ్చింది, మల్లెపువ్వులాంటి ఆయన పొడుగు అంగీ, దిష్‌దాషా మీద ఎర్రపొడి పడింది. మామ పైపు నా చేతిలో పెట్టి, ముందుకెళ్లి ఆయన్ని గట్టిగా కౌగిలించుకున్నాడు. ముసలాయన అంతకంటే గట్టిగా పట్టుకుని, "హర్బ్ ఖలాస్! ఖలాస్!" అంటున్నాడు. యుద్ధం అయిపోయిందని మాకు చెప్పడానికి పరుగున వచ్చాడు పాపం. మేం దానికే గంతులేస్తున్నామనుకున్నాడు. మావాళ్లేమో వియ్యంకుడి కలుపుగోలుతనానికి మురిసిపోతున్నారు. ఈలోపు దొర ముగించాడు, బాకాలు తిరిగొచ్చాయి.

షర్బతులయ్యాక నేను వార్త వివరంగా చెప్పాను. వంటాయన నన్నే కోప్పడ్డాడు. "గంత మంచి ముచ్చటైతె ముందుగాల చెప్పద్దా సారూ? అనవసరంగ తిట్టిపిచ్చిన్రు."

మామ రేడియో దించేసిన వీల్‌బారో అంచు మీద కూర్చుని, రెండు మీసాలూ ఆకాశానికి తిప్పి అన్నాడు. "నా బిడ్డ లగ్గమాయె. యుద్ధం ఆగక ఏం జేస్తది?"

గల్ఫ్‌లో యుద్ధం ఆగిందన్న వార్తను బూతులు తిట్టిన క్యాంపు మాదొక్కటే అయ్యుంటుంది. ముసలాయన ఆ తరువాత ప్రతి వారం నిమ్మకాయలు పంపేవాడు, "నా వియ్యంకుడికి" అని చెప్పి. దిష్‌దాషా మీది ఎరుపు మాత్రం పోలేదు.

క్యాసెట్టు మొదట సెలవు దొరికినవాడి పెట్టెలో ఊరికి వెళ్లింది.

కొన్నేళ్ల తరువాత వంటాయన కూతురి పెళ్లికి నేనూ నిజామాబాద్ జిల్లాకు వెళ్లాను. ఎదుర్కోళ్లకు బ్యాండు బయల్దేరింది. ముందు తెల్లబడ్డ మీసాలతో మామ, చేతిలో అసలైన క్లారినెట్టు. వింటే అదే స్వింగ్! ఊరి బాకాలన్నీ అమెరికాను చితక్కొడుతున్నాయి. సరిగ్గా పాట మంచి పట్టులో ఉండగా బ్యాండంతా టక్కున ఆగింది. ఒక్క మామ మాత్రం కళ్లు మూసుకుని ఊదుతున్నాడు. వెనక డ్రమ్ము కుర్రాడు జేబులోంచి రబ్బరు హారను తీసి పీం, పీం, పీం అన్నాడు. మళ్లీ అందరూ అందుకున్నారు.

నా పక్కన ఒకావిడ చంకలో పిల్లాడితో నిలబడి కళ్లు తుడుచుకుంటూ నవ్వుతోంది. మామ కూతురు.

"మధ్యలో ఎందుకమ్మా ఆగారు?" అన్నాను, తెలియనట్టు.

"ఆ పాట గంతే సారూ," అంది. "ఆడ దొర మాట్లాడుతడు. మా నాయిన ఒక్కడే ఊదాలె."