వణికే చేతికి ఎండాకుల చొక్కా

మా చెల్లెలు లవేడా, ఒక షర్టుల ఫ్యాక్టరీలో ఇరవై ఆరేళ్లు కాలర్లు కుట్టింది. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఇంట్లోనే మిషను పెట్టుకుంది. మా కెంటకీ కొండల్లో ఏప్రిల్ వచ్చిందంటే మగాడన్నవాడు ఇంట్లో ఉండడు, టర్కీ అనే అడవి కోడిపుంజు కోసం అడవిలో కూర్చుంటాడు. అందుకని దాని దగ్గరికి వేట బట్టల కోసం వచ్చేవాళ్లే ఎక్కువ. వచ్చినవాణ్ణి అది నడుం కొలత ముందు అడగదు, ఏ చెట్టుకి ఆనుకుని కూర్చుంటావని అడుగుతుంది. తెలీదంటే చూసుకుని రమ్మంటుంది. ఒకసారి మా పాస్టరునే వెనక్కి పంపింది.

దానిదేం తప్పు లేదు. టర్కీకి దేవుడు బుద్ధి పెట్టడం మరిచిపోయి, ఆ బుద్ధి కూడా తీసుకెళ్లి కళ్లలోనే పోశాడు. రంగులన్నీ దానికి తెలుసు. అంత దూరాన మనిషి గోక్కుంటే తెలుసు. మొహానికి ముసుగేసి, చేతులకి తొడుగులేసి, చెట్టు బెరడులా కూర్చున్నా సరే, వేలు కదిలిందంటే అది ఇక ఆ కొండ మీదే ఉండదు.

లవేడా మొగుడు ఆన్సెల్ యాభై ఏళ్లు ఆ పక్షి ముందు కూర్చున్నాడు. మాట తక్కువ మనిషి. పెళ్లయిన కొత్తలో వీడు మూగవాడేమో అని నేను మా అమ్మతో అన్నాను కూడా. అటువంటివాడికి అరవై ఎనిమిదో ఏట ఎడంచెయ్యి వణకడం మొదలైంది. ఆ వణుకు ఎంత దొంగదంటే, పని చెబితే ఆగుతుంది. గొడ్డలి పట్టినా, స్టీరింగు పట్టినా చెయ్యి బుద్ధిగానే ఉంటుంది. ఊరికే ఒళ్లో పెట్టుకున్నాడా, ఇక మొదలు. టర్కీ వేటంటే గంటల తరబడి ఊరికే కూర్చోవడమే కదా.

పోయిన ఏడాది మూడు పుంజులు అరవై గజాల దాకా వచ్చి వెనక్కి తిరిగాయి. మూడోది పోయిన రోజున ఆన్సెల్ ఇంటికొచ్చి తుపాకీ శుభ్రంగా తుడిచి, మేనల్లుడు రాయ్స్‌కి ఇచ్చేస్తానన్నాడు. ఇచ్చేశాక ఆ మనిషి కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని చెయ్యి చూసుకుంటూ ఉండిపోతాడని లవేడాకి తెలుసు.

"ఇంకొక్క ఏప్రిల్ ఆగు. అప్పుడూ పుంజు రాకపోతే నేనే తీసుకెళ్లి రాయ్స్‌కి ఇచ్చొస్తాను," అంది.

ఫిబ్రవరి చివర్లో బట్టలు ఎంచడం మొదలుపెట్టింది. చెట్టు కింద కూర్చోబెట్టి చూడ్డానికి మనిషి కావాలి కదా, నన్ను పిలిచింది. ముందు, కొట్లోంచి రాయ్స్ కొనుక్కొచ్చిన వేట సూటు తొడిగింది. ఆకు మీద ఆకు, జూన్ నెలనంతా తెచ్చి ఒంటికి అచ్చేసినట్టుంది. మా అడవిలో ఏప్రిల్ నడిమికి కూడా కొమ్మలన్నీ బోసిగా ఉంటాయి. పైగా మోచెయ్యి వంచితే చాలు, గుడ్డ చిప్స్ పొట్లంలా చప్పుడు. లవేడా నలభై అడుగులు వెనక్కి వెళ్లి, పక్షి ఎత్తుకి మోకాళ్ల మీద కూర్చుని చూసింది.

"అక్కా, గుమ్మడి పాదులా ఉన్నావు, కాయతో సహా," అంది.

కాయకి చలేస్తోంది, తొందరగా చూడమన్నాను.

తర్వాత తను కుట్టిన బూడిదరంగు జత తొడిగింది. బెరడు మీద గీతల్లాగా నల్లదారంతో కుట్లు వేసింది. మళ్లీ వెనక్కి వెళ్లి చూసింది. నువ్వు లేవు, చెట్టే ఉందంది. ఎడంచెయ్యి కదపమంది. కదిపాను. అది అక్కడే నేల మీద కూలబడింది. మనిషి ఎంత బాగా మాయమైతే ఆ చెయ్యి అంత బాగా కనబడుతోందట. బట్ట దేన్నైనా దాస్తుంది గాని కదలికని దాచలేదు.

మార్చిలో ఇద్దరం ఆకుకూర ఏరడానికి వాగు పైకి వెళ్లాం. గాలి లేదు. నా బుట్ట మీద కప్పిన గుడ్డ అంచు కూడా కదలడం లేదు. వాలు మీద నున్న బెరడు చెట్ల పిల్లమొక్కలు గుంపుగా ఉన్నాయి. అవి చలికాలమంతా ఎండాకు వదలవు, కాగితంలా పలచగా, పాలు ఎక్కువైన టీ రంగులో పట్టుకుని ఉంటాయి. అంత నిశ్శబ్దంలో అవొక్కటే వణుకుతున్నాయి, వేలాది ఆకులు. ఏ గాలికి వణుకుతున్నాయో చెప్పమంటే నేను చెప్పలేను. ఎన్నేళ్లుగానో చూస్తున్న చెట్లే, ఆ రోజు మాత్రం నిలబడి చూశాను. లవేడా చేతిలో కత్తి అలాగే ఉండిపోయింది.

"ఆయన చెయ్యి ఆపక్కర్లేదు అక్కా. దాన్ని తీసుకొచ్చి ఇక్కడ కూర్చోబెడితే సరి," అంది.

పాత ఖాకీ ప్యాంట్లు, దుప్పట్లు వాల్‌నట్ కాయల తొక్కతో ఉడకబెట్టి, ఆ రంగు వచ్చేదాకా మళ్లీ మళ్లీ ఉతికింది. ఉత్త నీళ్లతోనే. తెలుపు తెచ్చే సబ్బుపొడి తగిలితే ఆ గుడ్డ పక్షి కంటికి మెరుస్తుందట. ఆకంత ముక్కలు కోసి, రెండో కొస ఊగేటట్టు ఒక చొక్కా నిండా ఒక్క కొసనే కుట్టింది, ఎడమచేతి మీద మరీ ఎక్కువ. ఆన్సెల్ తొడుక్కుని అద్దంలో చూసుకుని, ఈకలు సగం పెరికి వదిలేసిన కోడిలా ఉన్నానన్నాడు. చిగురు తోసుకొస్తే ఆ చెట్లు పాత ఆకు రాల్చేస్తాయి. అంటే వేట సీజను తెరిచాక ఆ చొక్కా పనికొచ్చేది నాలుగైదు రోజులే.

మొదటి రోజున నేనూ వెళ్లాను. ఎవరూ పిలవలేదు, వెళ్లాను. పడిపోయిన మాను వెనక పది గజాల దూరంలో కూర్చున్నాను. ఆన్సెల్ మొక్కల మధ్య, తుపాకీ మోకాలి మీద. పక్కనే లవేడా పలకరాయి మీద పుల్ల గీసి, ఆ చప్పుడుతో పెట్ట అరిచినట్టు పుంజుని పిలిచింది. పై గట్టు మీదినుంచి పుంజు బదులిస్తే నా గుండెల్లో మోగింది. ఆ తర్వాత ఎంతసేపటికీ ఏమీ లేదు. ఆన్సెల్ చెయ్యి వణుకుతూనే ఉంది. చుట్టూ ఆకులూ వణుకుతున్నాయి. చూస్తుండగానే ఏది చెయ్యో ఏది కొమ్మో నాకే తెలియకుండా పోయింది.

ముందు పెట్ట వచ్చింది. ఆన్సెల్ కాలి దగ్గర ఆగింది. ఒక కన్నుతో ఆ చెయ్యిని చూసింది, తల తిప్పి రెండో కన్నుతో చూసింది. అది వంగి, ఆన్సెల్ బూటు పక్కన ఏదో గింజ పొడుచుకు తిని, దాని దారిన అది వెళ్లిపోయింది. డెబ్బై రెండేళ్లుగా చర్చికి వెళ్తున్నాను, ఆ రోజు మొక్కినంత గట్టిగా ఎప్పుడూ మొక్కలేదు.

దాని వెనకే పుంజు. తోక విసనకర్రలా విప్పి, రెక్కలు నేలకి రాసుకుంటూ, ఒంటి మీద రాగి, ఆకుపచ్చ ఒకదాంట్లోంచి ఒకటి పుడుతుంటే, ఇరవై అడుగుల దాకా వచ్చి నిలబడింది. ఆన్సెల్ ఎడంచెయ్యి ఒళ్లోంచి లేచి తుపాకీ కింద చేరింది. పని దొరికింది కదా, ఆగింది. ఆ ఆకుల మధ్య కదలనిది ఆ చెయ్యొక్కటే. పుంజు తల నిటారుగా ఎత్తింది, ఆన్సెల్ పేల్చాడు.

పుంజు అక్కడే పడిపోయింది. చెయ్యి మళ్లీ మొదలైంది. ఆన్సెల్ ముసుగు తీసి దాన్నీ, చెట్లనీ చూశాడు.

"వదినా, ఇంతమంది వణుకుతుంటే నన్నొక్కణ్ణే ఎవరు పట్టుకుంటారు?" అన్నాడు. నాతో ఆయన అంత పెద్ద మాట మాట్లాడటం అదే మొదలు.

పక్షిని భుజాన వేసుకుని ఆన్సెల్ బయల్దేరబోతే లవేడా ఆపింది. ఎర్ర తల వేలాడుతుంటే పొదల అవతల కూర్చున్న ఇంకో వేటగాడు బతికున్న పుంజే అనుకుని కాల్చగలడు. నెలన్నర పాటు ఆ మనిషిని దాచడానికి కళ్లు చెడగొట్టుకున్న నా చెల్లెలు, జేబులోంచి నిప్పులాంటి నారింజ గుడ్డ తీసి పక్షికి కట్టింది. ఇంకోటి తీసి మొగుడి ఎండాకుల చొక్కా మీద, అవతలి కొండకి కూడా కనబడేటట్టు తగిలించి, ఇక నడవమంది.