తడి అని రాయించిన నేల

మా వాతావరణ ఆఫీసు మేడ మీద గాలివేగం కొలిచే గిన్నెలు తిరుగుతూ కిర్రుమంటున్నాయి. ఆ చప్పుడు చెవిన పడితే నాకు ప్రకాశరావు గారు గుర్తొస్తారు, పని సాగదు. రాజమండ్రిలో ఒక కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవారాయన. నన్ను ఈ వృత్తిలోకి తెచ్చిందీ ఆయనే, దీని మీద నాకున్న నమ్మకం పోయిందీ ఆయన వల్లే. ఆయన మీద కోపం తెచ్చుకుందామని చాలాసార్లు చూశాను. రాలేదు.

తొంభైల చివర్లో ఎమ్మెస్సీ కాగానే ఆయన దగ్గర ప్రాజెక్టు అసిస్టెంటుగా చేరాను. కొవ్వూరు అవతల ఒక వరిచేలో ఇనుప స్తంభం పాతి, వేర్వేరు ఎత్తుల్లో గాలినీ వేడినీ తేమనీ కొలిచేవాళ్ళం. ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి ఆయనే ముందు బురదలోకి దిగేవారు. రేపటి వాతావరణాన్ని లెక్కకట్టే కంప్యూటర్ మోడల్ భూమిని గళ్ళుగా విడగొడుతుంది. ఏ గడిలో నేల ఎలాంటిదో, ఎంత తడిగా ఉంటుందో ముందే ఒక పట్టికలో రాసిపెడతారు. మా డెల్టా గడికి మెట్టభూమి అని రాసి ఉంది. ఆ మాట ఆయనకు తిట్టులా తగిలింది.

“నీళ్ళలో నిలబడ్డ చేనుని పట్టుకుని మెట్ట అంటారేంటమ్మా వీళ్ళు? తడి నేల మీద పడిన ఎండ చాలావరకు నీళ్ళని ఆవిరి చెయ్యడానికే సరిపోతుంది. అదే ఎండిన నేలైతే ఆ వేడంతా గాలికెక్కుతుంది. ఈ తేడా చూడకుండా రేపటి ఎండెంతో ఎలా చెప్తారు?” అని నన్ను పట్టుకుని దులిపేవారు. ఆ పట్టిక రాసింది నేనైనట్టు తలొంచుకుని వినేదాన్ని.

చేను పక్కనే సుగుణమ్మ ఇల్లు. కూలిపనికి వెళ్ళేది, మా స్తంభం మీదికి గేదెలు రాకుండా కాసేది. ఆయన ఆమెకి రేపటి సంగతి చెప్పడం, ఆమె ఆటపట్టించడం రోజూ ఉండేదే. “మీరు చెప్పిన వాన రైల్వే స్టేషన్ దాకా వచ్చి ఆగిపోయిందండి, మా ఇంటికి రాలేదు” అనేది. అయినా ఆయన్ని అడగకుండా వడియాలు కూడా పెట్టేది కాదు.

ఏళ్ళ తరబడి ఉత్తరాలు రాసి, ఢిల్లీ వెళ్ళి వాదించి, చివరికి సాధించారు. ఒక వేసవికి ముందు మా గడిలో మెట్ట తీసేసి తడి నేల అని మార్చారు, ప్రయోగాత్మకంగా; ఆ లెక్క మాకు మాత్రమే వచ్చేది, రేడియోకి పాతదే వెళ్ళేది. ఆ రోజు ఆయన కాలేజీలో కనిపించిన వాళ్ళందరికీ ఐస్‌క్రీం తినిపించారు. ఏటా వేసవి సెలవుల ముందు పరికరాలు విప్పి రిపేరుకి పంపేవాళ్ళం కనుక మా కొలతలన్నీ పైరున్న నెలలవే. ఆ సంగతి ఎవరూ అడగలేదు.

ఆ మే నెలలో విప్పిన స్తంభం దగ్గర తాళ్ళు చుడుతుంటే సుగుణమ్మ వచ్చింది.

“అయ్యగారూ, రేపు కాలవలో పూడిక తీతకి రమ్మంటున్నారండి. రేడియోలో ఎండ మండిపోద్దంటున్నారు. వెళ్ళమంటారా?”

ఆయన సంచిలోంచి మా మోడల్ ఇచ్చిన కాగితం తీసి చూశారు. ఆయన మొహంలో ఎంత సంతోషమో. “రేడియో వాళ్ళది మెట్ట లెక్క సుగుణమ్మా. మన దగ్గర అంత ఉండదు. తలకి గుడ్డ చుట్టుకుని వెళ్ళు.”

మర్నాడు మధ్యాహ్నం ఆమె కాలువలోనే పడిపోయింది. ఆస్పత్రికి చేర్చేలోపే ప్రాణం పోయింది. వడదెబ్బ అన్నారు.

ఆమె ఇంటి ముందు ఏడుపుల మధ్య ఆయన నన్ను పక్కకి పిలిచారు.

“ఏటా ఎండల్లో కాలవలు కట్టేస్తారు కదమ్మా. నీళ్ళు ఆపేస్తేనే కదా పూడిక తీసేది. నేను ఏడాది పొడుగునా తడి అని రాయించాను. ఆవిడ పూడిక తీత అని నా ఎదురుగానే అంది. అయినా నాకు వినపడలేదు.”

డెల్టాలో పుట్టినవాళ్ళకి కాలువలు కట్టేయడం తెలియకపోవడమేమిటి? మరీ తెలిసిన సంగతి కాబట్టే ఎవరికైనా చెప్పాలని తోచలేదు. నెర్రెలు విచ్చిన ఆ చేల మీదుగానే మేమిద్దరం నడిచి వెళ్ళాం. కాగితంలో మాత్రం అవి నీళ్ళలో ఉన్నాయి.

కొన్నాళ్ళకి ధైర్యం చేసి అన్నాను: “సార్, మీరు వద్దన్నా వెళ్ళేదేమో. కూలి వదులుకునే స్థితి కాదు కదా.”

“వెళ్ళేదేమో. కానీ నన్నడిగింది కదమ్మా,” అన్నారు.

ఆయన మళ్ళీ ఆ స్తంభం ఎత్తలేదు. రిటైరయ్యాక గుమ్మం దాటడమే మానేశారు, కొన్నేళ్ళకి పోయారు. పట్టికలో వేసవి నెలలు దిద్దించింది నేను. క్షణాల్లో అయిపోయే పని. అది పూర్తయ్యాక బాత్రూంలోకి వెళ్ళి ఏడ్చాను. అప్పటికి సుగుణమ్మకి దాంతో పనేముంది?

ఉద్యోగం మాత్రం మానలేదు, ఇంకేమీ చేతకాదు. మొన్న అమ్మ ఫోన్ చేసింది.

“రేపు కోరుకొండ వెళ్దామనుకుంటున్నానే, కొండెక్కాలి. ఎండెలా ఉంటుంది?”

ఎదురుగా స్క్రీన్ మీద కోరుకొండ గడి ఉంది, అంకె కూడా ఉంది. దాన్ని చదవడానికి నోరు రాలేదు.

“తెలియదమ్మా.”

“మరి రోజంతా అక్కడ కూర్చుని చేసేదేంటే?” అంది అమ్మ.

అదీ తెలియదన్నాను.