తప్పులేమన్న ఉన్నయా?

ఇబ్రహీంపట్నం డిపో దగ్గర కంపెనీ బస్సు ఎక్కగానే మా సీనియర్ అక్క తన ఫోన్ నా చేతిలో పెట్టేది. "జర చూడు చెల్లె, తప్పులేమన్న ఉన్నయా?"

ఆదిభట్ల చేరేదాకా అదే పని. ఫ్యాక్టరీలో నాకు పని నేర్పిందే ఆమె. తయారైన భాగం అంచు మీద వేలు పెట్టి, కంటికి కనపడని గరుకును పట్టేసేది. అలాంటి మనిషి నాలుగు లైన్ల రిపోర్టును నాకు చూపించనిదే పంపేది కాదు. మొదట్లో విసుక్కున్నాను.

తర్వాత సోమవారం మీటింగు చూశాను. మేనేజర్ ఆమె రిపోర్టును తెర మీద పెట్టి, నా కళ్లకూ దొరకని ఒక్కో అక్షరదోషం చుట్టూ ఎర్రగీత గీస్తూ అందరినీ నవ్వించాడు. మగవాళ్ల రిపోర్టుల్లోనూ తప్పులుండేవి. అవి ఎప్పుడూ తెర మీదికి రాలేదు. ఆ రోజు నేను కూడా నవ్వాను.

సూపర్‌వైజర్ పోస్టు పడ్డప్పుడు, "నువ్వు అప్లై చెయ్యక్కా" అన్నాను.

"నాతోని యాడైతది చెల్లె" అంది.

చివరిసారి ఆమె ఫోన్ ఇచ్చినప్పుడు అందులో ఉన్నది రాజీనామా. "జర చూడు" అంది.

రెండుసార్లు చదివాను. "ఒక్క తప్పు లేదక్కా."

ఆమె రాసినవాటిలో మేనేజర్ గీత గీయకుండా తీసుకున్నది అదొక్కటే.