ముహూర్తానికి విడుదలైన లైబ్రరీ

ఫరంపేటలో నా నెట్ సెంటరుకు వచ్చే మేధావుల్లో నవీన్‌ను మించిన దద్దమ్మ లేడు. ఎం.సి.ఏ. చదివాడు. ఆవలించినా ఆ మాటే చెబుతాడు.

2009లో వాడికో పని తగిలింది. గ్రాఫ్ డేటాబేస్ అని ఉందట. దేనికి ఏది ఏమవుతుందో, ఆ చుట్టరికాలన్నీ గుర్తుపెట్టుకుంటుందట. మా దరియాలతిప్ప ఊళ్లో ముసలమ్మలు ఆ పని కరెంటు లేకుండానే చేస్తారు, అది వేరే సంగతి. దాన్ని పైథాన్ భాషలో ప్రోగ్రాములు రాసేవాళ్లు వాడుకునేలా లైబ్రరీగా ప్యాకేజీ కట్టి నెట్‌లో పెట్టాలి. హైదరాబాదు కంపెనీవాళ్లు దించుకుని చూస్తారు. నడిస్తే ఉద్యోగం.

ఆ మాటకు వాడికంటే ముందు మురిసిపోయింది వాడి భార్య వీరవేణి. రొయ్యల కంపెనీలో ఐసు నీళ్లలో వేళ్లు పాచిపోయేలా తలలు తీసి ఇల్లు నడిపింది ఆవిడే. మొగుడి మాట నమ్మి పని మానేసింది, పిచ్చితల్లి!

విడుదలకు వాడు ముహూర్తం పెట్టించాడు. నా కంప్యూటరుకు బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, కీబోర్డు మీద నీళ్లు చిలకరించాడు. నాకు ఒళ్లు మండిపోయింది. తీరా చూస్తే, ప్యాకేజీలో పెట్టాల్సిన అసలు ఇంజను ఫైలు ఇంకా నెట్‌లోంచి దిగుతూనే ఉంది.

"ఒరేయ్, అది లేకుండా ఏం పంపుతావురా? కాసేపు ఆగు."

"వర్జ్యం వచ్చేస్తాది బాబాయ్! తర్వాత పెడదాంలే."

ఇంజను లేకుండానే ప్యాకేజీ కట్టి పంపేశాడు. కాజాలు ఇంట్లో మరిచి ఖాళీ సారె డబ్బా పంపినట్టు! పోనీ, సాయంత్రమైనా సరిచేశాడా? శుభం జరిగిన దాన్ని వెంటనే కదిలిస్తే అరిష్టమట. వాడి మొహం! అందరికీ లడ్లు పంచి ఇంటికెళ్లి పడుకున్నాడు.

వారానికి కంపెనీ జవాబొచ్చింది. ప్యాకేజీలో ఇంజనే లేదు, వేరొకరిని తీసుకున్నాం అని. అప్పుడే వీరవేణి వాడికి అన్నం కేరేజీ తెచ్చి గుమ్మంలో నిలబడింది. నేనే చదివి చెప్పాను.

"గురుబలం లేదు బాబాయ్. వచ్చే దశమికి మళ్లీ పెడతాను," అన్నాడు, సిగ్గైనా లేకుండా.

ఆవిడ కేరేజీ బల్ల మీద పెట్టింది.

"దశమికి మీరు పెట్టుకోండి. నేను మాత్రం రేపొద్దున్నే రొయ్యల కంపెనీ బండెక్కేత్తానండి."

"రేపా? రేపు పని మొదలెడతారా ఎవరైనా?"

ఆవిడ పాపం, కళ్లు తుడుచుకుని వెళ్లిపోయింది.

మర్నాడు అమావాస్య. వీరవేణి బండెక్కింది.